బహుళ ధ్రువ ప్రపంచం మీద ఎంఏ ప్రాజెక్టు: వరంగల్‌లో ఉండి ఏం చేయొచ్చు?

నయీంనగర్

అందరికీ నమస్తే. హనుమకొండలో ఎంఏ పొలిటికల్ సైన్స్ చివరి ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టుకు ‘బహుళ ధ్రువ ప్రపంచంలో (అంటే ఒకటీ రెండూ కాకుండా చాలా పెద్ద శక్తులున్న ప్రపంచంలో) భారత విదేశాంగ విధానం’ అని రాసుకుని తీసుకెళ్తే మా గైడ్ మేడం చూసి పక్కన పెట్టారు. ఇందులో అంశం ఉంది కానీ నీ ప్రశ్న లేదు, ప్రశ్న పట్టుకుని రా అన్నారు.

నాకు ఈ సబ్జెక్టు మీద ఇష్టం కలగడానికి ఒక ఓటింగ్ కారణం. 2022 మార్చి 2న ఉక్రెయిన్ యుద్ధం మీద ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో తీర్మానం పెట్టారు. 141 దేశాలు అనుకూలం, 5 వ్యతిరేకం, 35 దేశాలు ఓటింగ్‌కు దూరం. ఆ 35లో మనమూ ఉన్నాం, చైనా కూడా ఉంది. గల్వాన్‌లో మన సైన్యానికీ చైనా సైన్యానికీ ఘర్షణ జరిగి రెండేళ్లు కూడా కాలేదు, అయినా రెండు దేశాలూ ఒకే వరుసలో ఎలా నిలబడ్డాయి అని అప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను.

ఫ్రెండ్స్ ఏమో అంతర్జాతీయ సంబంధాలు చదవాలంటే జేఎన్‌యూకే పోవాలి, ఇక్కడ కూర్చుని ఏం రాస్తావ్ అంటున్నారు. ఢిల్లీ పంపే పరిస్థితి ఇంట్లో లేదు. సినాప్సిస్ ఇచ్చే తేదీ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దారి చూపండి.

సుబేదారి సార్

అమ్మా, మీ మేడం మంచి మాట చెప్పారు. నేను చాలా ఏళ్లు ఈ పాఠం చెప్పి రిటైర్ అయ్యాను. పిల్లలు రాసే ప్రాజెక్టుల్లో నన్ను బాగా బాధపెట్టేది ఒకటే. మొదటి పేజీలోనే ‘నేడు ప్రపంచం బహుళ ధ్రువంగా మారింది’ అని రాసేసి ముందుకు పోతారు. మారిందా? ఎంత మారింది? ఏ లెక్కన? అక్కడ ఆగి అడగాలి.

సైనిక ఖర్చు చూడు. స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచ దేశాలన్నీ కలిపి సుమారు 2.7 లక్షల కోట్ల డాలర్లు ఖర్చు పెడితే, అందులో అమెరికా ఒక్కటే దాదాపు లక్ష కోట్లు. రెండో స్థానంలో ఉన్న చైనా ఖర్చు అమెరికా ఖర్చులో మూడో వంతు కూడా లేదు. దేశాలు దాచుకున్న విదేశీ మారక నిల్వల్లో సగానికి పైగా ఇంకా డాలర్లే. ఈ లెక్కలు చూస్తే ఇది బహుళ ధ్రువ ప్రపంచమని ధైర్యంగా అనలేం. కానీ వస్తువుల తయారీ, వ్యాపారం, అప్పులిచ్చే శక్తి చూస్తే చైనాను పక్కన పెట్టి ఏ లెక్కా తేలదు. అంటే ఒక్కో రంగంలో ఒక్కో రకం ప్రపంచం ఉంది. నీ ప్రాజెక్టు ఏ రంగం గురించో ముందు తేల్చుకో.

ఇక సిద్ధాంతం. రెండు పెద్ద శక్తులు ఉన్నప్పుడే ప్రపంచం నిలకడగా ఉంటుందని అమెరికా రాజనీతి పండితుడు కెన్నెత్ వాల్ట్జ్ వాదించాడు. శక్తులు ఎక్కువైతే ఎవరు ఎవరి వైపో తెలియక లెక్కలు తప్పుతాయని ఆయన భయం. 1964లో కార్ల్ డాయిష్, డేవిడ్ సింగర్ దీనికి ఎదురు వాదన చేశారు. శక్తులు ఎక్కువైతే ఒక్కరి మీదే పగ పెంచుకునే అవకాశం తగ్గుతుందన్నారు. ఈ రెండు వాదనలూ మన దగ్గర ఇంకా పరీక్షల్లో జవాబులుగానే మిగిలిపోయాయి. ఒక నిజమైన నిర్ణయం తీసుకుని, వాటిని దాని మీద పెట్టి చూసినవాళ్లు తక్కువ.

ఎల్ఎండీ కట్ట

సార్, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను కరీంనగర్ నుంచి సివిల్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను, ఆప్షనల్ కూడా ఇదే. లెక్కల్లో అమెరికా పెద్దదే కావచ్చు, కానీ మన లాంటి దేశాలకు దొరికిన వెసులుబాటు నిజం. 2017లో చైనా, రష్యా ఉన్న షాంఘై సహకార సంస్థలో పూర్తి సభ్యులం అయ్యాం, అదే ఏడాది అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో మన క్వాడ్ బృందం మళ్లీ మొదలైంది. 2018 అక్టోబరులో రష్యాతో ఎస్-400 క్షిపణి రక్షణ వ్యవస్థ కొనే ఒప్పందం చేసుకున్నాం. రష్యా ఆయుధాలు కొంటే అమెరికా చట్టం ప్రకారం ఆంక్షలు పడాలి, మన మీద పడలేదు. అదే ఎస్-400 కొన్న టర్కీ మీద 2020లో వేశారు. బ్రిక్స్‌లోనూ ఉన్నాం, జీ20కి 2023లో అధ్యక్షత వహించి ఆఫ్రికా యూనియన్‌ను సభ్యురాలిగా తెచ్చాం. రెండు కూటముల కాలంలో ఇవన్నీ ఒకేసారి కుదిరేవా? నా దృష్టిలో బహుళ ధ్రువం మనకు వరం. చెల్లె ఈ కోణంలోనే రాస్తే బాగుంటుంది.

సుబేదారి సార్

తమ్మీ, నువ్వు చెప్పినవన్నీ నిజాలే. కానీ అందులో ఒక వైపే ఉంది. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మన ముడిచమురు దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం లోపు. తర్వాత మూడో వంతు దాటింది. చవకగా వచ్చింది, సంతోషం. 2025 ఆగస్టులో ఆ చమురు కారణం చూపే అమెరికా మన సరుకుల మీద అదనంగా మరో 25 శాతం సుంకం వేసి మొత్తం 50 శాతం చేసింది. చమురుతో లాభపడ్డవాళ్లు వేరు, సుంకంతో నష్టపోయినవాళ్లు వేరు. వెసులుబాటుకు ఖరీదు ఎవరు కట్టారన్నది అడగకుండా వరం అంటే ఆ చదువు సగంలోనే ఆగినట్టు.

ఏనుమాముల

సార్ అన్న ఆ ఖరీదు మా మార్కెట్ యార్డులో కనిపించింది. మాది పత్తి కుటుంబం, నాన్న పండిస్తాడు, నేను యార్డులో పనిచేస్తాను. ఆ 50 శాతం సుంకం వచ్చిన ఆగస్టులోనే కేంద్రం పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకం తీసేసింది. మొదట సెప్టెంబరు 30 వరకు అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. బట్టల ఎగుమతిదారులకు ఊరట కావాలి, నేను కాదనను. కానీ మా కొత్త పత్తి యార్డుకు వచ్చేది సరిగ్గా అక్టోబరు నుంచే. బయటి పత్తి సుంకం లేకుండా దిగితే మిల్లులు మా దగ్గర ఏ ధరకు కొంటాయి?

వాషింగ్టన్‌కూ మాస్కోకూ మధ్య పడ్డ చిక్కు సంగెం, పర్వతగిరి రైతు బస్తా మీదికి వచ్చింది. పేపర్లో విదేశాంగ వార్త ఒక పేజీలో, పత్తి ధర ఇంకో పేజీలో వేస్తారు. రెండింటినీ కలిపి చదివేవాళ్లు యూనివర్సిటీల్లో ఉండాలి కదా. చెల్లె, ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు ఇది కనిపించదు. నీకు కనిపిస్తుంది.

కాకతీయ కాలువ

ఏనుమాముల అన్న చెప్పిందానికి యూరియా కూడా కలపండి. 2025 వానాకాలంలో తెలంగాణ అంతా సొసైటీల ముందు క్యూలు చూశాం. చైనా ఎరువుల ఎగుమతులను కట్టడి చేయడం అందులో ఒక కారణం. ఆగస్టులో చైనా విదేశాంగ మంత్రి ఢిల్లీ వచ్చినప్పుడు చర్చల్లో ఎరువుల విషయం కూడా ఉంది. మన రామగుండం ఫ్యాక్టరీ ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం ఉన్నదే, కానీ అదీ గ్యాస్ మీదే నడుస్తుంది. మన దేశం వాడే గ్యాస్‌లో దాదాపు సగం ఓడల్లో రావాల్సిందే.

జగిత్యాల–దోహా

చాలా రోజుల తర్వాత మనసుకు దగ్గరైన చర్చ చూస్తున్నాను. పని ముగించుకుని రూమ్‌కు వచ్చి రాస్తున్నా, కొంచెం పొడుగైతుంది.

నేను చదువుకున్నది ఇంటర్ వరకే. కానీ అంతర్జాతీయ సంబంధాలు అంటే ఏంటో నాకు 2017 జూన్ 5న తెలిసింది. ఆ రోజు సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. ఉన్న ఒక్క భూసరిహద్దూ మూసేశారు. దుకాణాల్లో పాల డబ్బాలు ఖాళీ. మా క్యాంపులో అందరికీ ఒకటే భయం: కంపెనీ మూస్తుందా, జీతం వస్తుందా, ఇంటికి ఎట్ల పోవాలి. టర్కీ, ఇరాన్ నుంచి సామాను వచ్చింది. 2021 జనవరిలో అల్ ఉలాలో రాజీ కుదిరేదాకా అది నడిచింది. అప్పుడు భారత్ ఎవరి వైపూ మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే అక్కడో ఇక్కడో మా వాళ్ల పని పోయేది. ఒక్క జగిత్యాల జిల్లా వాళ్లే అన్ని గల్ఫ్ దేశాల్లోనూ ఉన్నారు. కాబట్టి మౌనంగా ఉండటం కూడా ఒక విధానమే, దాని వెనక మేమున్నాం.

కానీ ఇంకో సంగతి చెప్పాలి. 2020 సెప్టెంబరులో, కరోనా టైంలో, గల్ఫ్ దేశాలకు వెళ్లే మన కార్మికుల కనీస సిఫారసు వేతనాన్ని (ఇంతకు తక్కువ ఇవ్వకూడదని మన ప్రభుత్వం చెప్పే జీతం) కేంద్రమే 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. జీతం ఎక్కువ అడిగితే మన వాళ్లను వదిలి వేరే దేశం వాళ్లను పెట్టుకుంటారని చెప్పారు. గల్ఫ్ కార్మికుల కోసం పనిచేసేవాళ్లు తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. చివరికి 2021 జులైలో పాత వేతనాలు మళ్లీ పెట్టారు. ఆ మధ్యలో కాంట్రాక్టు మీద వెళ్లినవాళ్ల సంగతి ఎవరు రాశారు? ఫిలిప్పీన్స్ 2006 చివర్లోనే తమ ఇంటి పనివాళ్లకు నెలకు 400 డాలర్లు తక్కువ కాకూడదని పట్టుబట్టింది. మనకంటే చాలా చిన్న దేశం. వాళ్లు ఎందుకు అడగగలిగారు, మనం ఎందుకు తగ్గించుకున్నాం?

అక్కా, ఇది రాస్తే నీకు మార్కులే కాదు, మా ఊళ్లల్లో చాలామందికి సమాధానం దొరుకుతుంది.

ఎల్ఎండీ కట్ట

అన్నా, వేతనాల విషయం నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా కనిపించలేదు. ఇంకొకటి గుర్తొచ్చింది. 2023 నవంబరులో ఇజ్రాయెల్‌తో కార్మికుల ఒప్పందం అయింది, 2024లో హైదరాబాద్‌లో కూడా నిర్మాణ పనులకు ఎంపికలు జరిగాయి. నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల వాళ్లు వెళ్లారు. అదే 2024 మేలో ఇరాన్‌తో చాబహార్ రేవు మీద పదేళ్ల ఒప్పందం చేసుకున్నాం. 2025 జూన్‌లో ఆ రెండు దేశాలూ యుద్ధానికి దిగితే రెండు చోట్ల నుంచీ మన వాళ్లను తెచ్చుకోవాల్సి వచ్చింది. అందరితో సంబంధం ఉండబట్టే తేగలిగాం అనేది మాత్రం ఒప్పుకోవాలి.

పాలంపేట

నేను చరిత్ర విద్యార్థిని, రామప్ప దగ్గరి ఊరు. ఈ బహుళ ధ్రువ చర్చలో అందరూ 1945 నుంచే మొదలుపెట్టడం నాకు నచ్చదు. మన నేల మీద నాలుగు శక్తుల వ్యవస్థ ఒకటి నడిచింది. 13వ శతాబ్దంలో ఓరుగల్లు కాకతీయులు, దేవగిరి యాదవులు, ద్వారసముద్రం హొయసలులు, మధుర పాండ్యులు. పొత్తులు మారేవి, యుద్ధాలు జరిగేవి, కానీ ఏ ఒక్కరూ మిగతా ముగ్గురినీ మింగలేకపోయారు. ఇప్పటి పాఠ్యపుస్తకాలు చెప్పే శక్తి సమతుల్యం అంటే అదే.

ఆ వ్యవస్థ ఎలా కూలిందో చూడండి. 1309లో మాలిక్ కాఫూర్ సైన్యం ఓరుగల్లు మీదికి వస్తుంటే, అప్పటికే ఢిల్లీకి లొంగిన దేవగిరి రామచంద్రుడు దారిలో వాళ్లకు సాయం చేశాడు. 1311లో హొయసల బల్లాలుడు తాను ఓడిపోయాక అదే సైన్యానికి పాండ్య దేశం దారి చూపాడు. నలుగురూ పాత పగలు చూసుకున్నారు కానీ బయటి నుంచి వచ్చిన కొత్త శక్తిని కలిసి ఆపలేదు. 1323లో ఓరుగల్లు కూడా పడిపోయింది. శక్తులు ఎక్కువైతే లెక్కలు తప్పుతాయన్న వాల్ట్జ్ మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ యూరప్‌లో దొరుకుతుందా అని నాకు అనుమానమే.

మోటుపల్లి అభయ శాసనం కూడా చూడండి. గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించాడు. అంతకు ముందు రాజులు తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును లాగేసుకునేవాళ్లు. ఈయన అది మానేసి, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోనని విదేశీ వర్తకులకు రాసిచ్చాడు. వ్యాపారం కావాలంటే బలం ఉన్నా వాడకుండా మాట మీద నిలబడాలని ఆయనకు తెలుసు.

నయీంనగర్

పాలంపేట గారూ, ఇది చదివాక రాత్రి చాలాసేపు ఇదే ఆలోచించాను. కానీ శాసనాలు చదవడం నాకు రాదు, పారశీక ఆధారాలు అసలే అందవు. ఇంత తక్కువ టైంలో ఆ కాలం మీద ప్రాజెక్టు చేసే ధైర్యం లేదు. ఇప్పటి కాలంలో మన ప్రాంతానికి దగ్గరగా, పత్రాలు దొరికేలా ఇంకేమైనా ఉందా?

పాలంపేట

రామప్ప ఉంది కదా! 2021 జులై 25న ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. సమావేశానికి ఆతిథ్యం ఇచ్చింది చైనాలోని ఫూఝౌ, సభ జరిగింది ఆన్‌లైన్‌లో. నిపుణుల సంస్థ ఇకోమోస్ ఇప్పుడే వద్దు, ఇంకా వివరాలు కావాలంది. 21 దేశాల కమిటీలో రష్యా సవరణ పెట్టింది, చాలా దేశాలు బలపరిచాయి, నార్వే ఒప్పుకోలేదు. చివరికి మనకు వచ్చింది. గుడి గొప్పతనం మీద నాకు ఏ సందేహమూ లేదు, ఇసుక పునాది మీద, నీటిలో తేలే ఇటుకల శిఖరంతో నిలబడ్డ గుడి అది. కానీ గొప్పతనం ఒక్కటే చాలదు, దేశాలను ఒప్పించాలి. కమిటీ పత్రాలు యునెస్కో సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంటాయి.

వంగర

పీవీ గారి పేరు ఇంతవరకు రాకపోవడం ఆశ్చర్యం. 1980లో విదేశాంగ మంత్రి అయినప్పుడు ఆయన హనుమకొండ ఎంపీ. 1983లో అలీన దేశాల సదస్సు ఢిల్లీలో జరిగినప్పుడు ఆ శాఖ ఆయన చేతిలోనే ఉంది. 1991 జూన్‌లో ప్రధాని అయిన ఆరు నెలలకే సోవియట్ యూనియనే పోయింది. 1992 జనవరి 29న ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు. 1993 సెప్టెంబరులో చైనాతో సరిహద్దు శాంతి ఒప్పందం, అదే నెలలో టెహ్రాన్ పర్యటన. 1994 మార్చిలో జెనీవాలో కశ్మీర్ మీద పాకిస్తాన్ తీర్మానం తెస్తే, ప్రతిపక్ష నేత వాజ్‌పేయిని మన బృందానికి నాయకుడిగా పంపారు. ఇరాన్, చైనా నచ్చజెప్పడంతో పాకిస్తాన్ ఆ తీర్మానం వెనక్కి తీసుకుంది. ఇజ్రాయెల్‌కు తలుపు తెరిచి, రెండేళ్లలో ఇరాన్ సాయం పొందడం మామూలు విషయమా? మన మట్టిలో పుట్టిన మనిషి.

సుబేదారి సార్

నాకూ ఆయన మీద అపారమైన గౌరవం. అందుకే చెబుతున్నాను, 1993ను కూడా కలిపి రాయాలి. ఆ ఏడాది అమెరికా ఒత్తిడికి రష్యా తలొగ్గి, రాకెట్లకు వాడే క్రయోజెనిక్ ఇంజన్ల సాంకేతికత మనకివ్వనంది. ఒకే పెద్ద శక్తి ఉన్న కాలంలో మనం ఎదుర్కొన్న పరిమితి అది. ఆ పరిమితి మధ్య పీవీ చేసిన పనులను చూపిస్తేనే ఆయన తెలివి ఎంతో తెలుస్తుంది. జరిగిన మంచి మాత్రమే వరుసగా పేర్చితే అది జయంతి ఉపన్యాసం అవుతుంది.

భద్రకాళి బండ్

హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, గల్ఫ్ వలసల మీదే. నా అభిప్రాయం నేరుగా చెబుతాను: నయీంనగర్ చెల్లె, 2020–21 కనీస వేతనాల విషయం పట్టుకో. రామప్ప కూడా మంచిదే, కానీ అందులో ప్రశ్న త్వరగా తేలిపోతుంది. వేతనాల దాంట్లో తేలనిది చాలా ఉంది.

ఎందుకంటే, పెద్ద శక్తులు ఎక్కువైతే మధ్యస్థాయి దేశాలకు బేరమాడే బలం పెరుగుతుందని ఇప్పుడు అందరూ అంటున్నారు. మనకు గల్ఫ్ దేశాలతో ఇప్పుడున్నంత దగ్గరితనం మునుపెప్పుడూ లేదు. యూఏఈతో 2022 ఫిబ్రవరిలో సమగ్ర వాణిజ్య ఒప్పందం, ఖతార్ నుంచి 2048 దాకా గ్యాస్. 2023 అక్టోబరులో ఖతార్ కోర్టు మరణశిక్ష వేసిన ఎనిమిది మంది నేవీ మాజీ ఉద్యోగులు 2024 ఫిబ్రవరికల్లా విడుదలయ్యారు. ఇంత బలం ఉన్న దేశం కార్మికుడి జీతం దగ్గరికి వచ్చేసరికి తానే ముందుగా ఎందుకు తగ్గింది? బలం పెరిగిందన్న సిద్ధాంతానికి ఇది గట్టి పరీక్ష. దీని మీద నువ్వు వాల్ట్జ్‌తో కూడా వాదించొచ్చు, దేశాన్ని ఒకే ముద్దగా చూడొద్దని కూడా వాదించొచ్చు.

ఆధారాలకు ఢిల్లీ పోనక్కర్లేదు. లోక్‌సభ, రాజ్యసభలో అడిగిన ప్రశ్నలు, మంత్రుల జవాబులు ఆన్‌లైన్‌లో తేదీల వారీగా దొరుకుతాయి. విదేశాంగ శాఖ వార్షిక నివేదికలు, ఒప్పందాల పాఠాలు వాళ్ల సైట్‌లోనే ఉన్నాయి. వలసల చట్టం 1983ది చదువు. ఐక్యరాజ్యసమితి ఓటింగ్ వివరాలు వాళ్ల డిజిటల్ లైబ్రరీలో చూడొచ్చు. రిజర్వు బ్యాంకు సర్వే కూడా చూడు: 2023–24లో దేశానికి వచ్చిన ప్రవాసుల డబ్బులో గల్ఫ్ వాటా తగ్గి, దేశాల వారీగా చూస్తే అమెరికా వాటా 27.7 శాతంతో మొదటి స్థానంలో ఉంది. ఢిల్లీ దృష్టిలో జగిత్యాల కార్మికుడి బరువు తగ్గడానికి ఇదొక కారణమేమో పరిశీలించు. నేను అవునని చెప్పట్లేదు, పరిశీలించమంటున్నాను.

ఎల్ఎండీ కట్ట

ఇక్కడ నాదొక అభ్యంతరం. కరోనా టైంలో ఉద్యోగాలే పోతుంటే జీతం తగ్గినా పని నిలబెట్టాలని ప్రభుత్వం అనుకుని ఉండొచ్చు. నేపాల్, బంగ్లాదేశ్ వాళ్లు తక్కువకు సిద్ధంగా ఉన్నారు. దాన్ని లొంగిపోవడం అని ముందే తీర్పు ఇవ్వకూడదు.

జగిత్యాల–దోహా

తమ్మీ, నేపాల్ అన్నతో ఒకే రూమ్‌లో ఉంటాను. అతని దేశం వాళ్లు కూడా అతనికి అదే చెప్పారు, భారత్ వాళ్లు తక్కువకు వస్తున్నారని. పంపే దేశాలన్నీ కలిసి కూర్చుని ఒక మాట అనుకోలేకపోయాయి.

భద్రకాళి బండ్

అన్నా, ఒక అధ్యాయం మొత్తం మీరు రెండు వాక్యాల్లో చెప్పారు. పంపే దేశాల మధ్య సంప్రదింపులకు కొలంబో ప్రాసెస్ అని 2003 నుంచి ఒక వేదిక ఉంది, భారత్ కూడా సభ్యదేశమే. అది వేతనాల మీద ఎందుకు కలిసి నిలబడలేకపోయిందో చెల్లె చూడాలి. ఎల్ఎండీ తమ్ముడి అభ్యంతరం కూడా ప్రాజెక్టులో ఉండాలి, ప్రభుత్వ వాదనను దాని పూర్తి బలంతో రాయాలి.

నయీంనగర్

మేడంకు ఫోన్ చేసి చెప్పాను. వెంటనే సరే అన్నారు. ‘గల్ఫ్ కార్మికుల కనీస సిఫారసు వేతనాలు, 2020–21: భారత్ బేరసారాల శక్తి మీద ఒక అధ్యయనం’ అని పేరు రాసుకున్నాను. ఫిలిప్పీన్స్‌తో పోలిక ఒక అధ్యాయం, కొలంబో ప్రాసెస్ ఒక అధ్యాయం. రాయికల్, కోరుట్ల వైపు కుటుంబాలను కలిసి మాట్లాడాలని ఉంది. ఎలా అడగాలి? డబ్బు విషయం అడిగితే బాధపడతారేమో.

జగిత్యాల–దోహా

జీతం ఎంత అని మొదలే అడగకు అక్కా. వీసాకు అప్పు ఎక్కడ తెచ్చారని అడుగు, మిగతాది వాళ్లే చెప్తారు. ఇంట్లో ఆడవాళ్లతో మాట్లాడు, లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది. ఏజెంట్ పేరు, కంపెనీ పేరు రాసుకోకు. ఆ మనిషి ఇంకా అక్కడే పనిలో ఉంటే ఇబ్బంది అవుతుంది.

భద్రకాళి బండ్

అన్న చెప్పినట్టే చెయ్యి. ఊరి పేరు కూడా మార్చి రాయి, మండలం వరకు చాలు. వాళ్ల దగ్గర కాంట్రాక్టు కాగితం ఉంటే తేదీ, అందులో రాసిన జీతం మాత్రం నోట్ చేసుకో. 2020 సెప్టెంబరుకు ముందువి, 2021 జులై తర్వాతవి, మధ్యలోవి విడివిడిగా పెట్టు. మధ్యకాలపు కాంట్రాక్టులు కొన్ని దొరికినా, వాటిని పార్లమెంటు జవాబుల పక్కన పెట్టి చూడు. సినాప్సిస్ రాశాక ఇక్కడే పెట్టు, సార్ సిద్ధాంతం చూస్తారు, నేను ఆధారాలు చూస్తాను.